గ్లాసులో పొగ

మిట్ట మధ్యాహ్నానికి తల వాల్చేసింది.
పండాకు ఒక్కటీ లేదు, పచ్చగానే ఉంది.
మట్టిలో వేలు గుచ్చి చూశాను, తడి.
ఏట్లో పీకల్దాకా నిలబడి
దాహంతో చచ్చే మనిషిలా
నాలుగో మెట్టు చేలో ఒకే ఒక్క కొమ్మ.

పొద్దుగూకేసరికి మళ్ళీ లేచింది.
"ఎండ దెబ్బలే" అన్నాడు తుర్యాహికాయో,
జొన్నంబలి ముంతలోంచి మూతి తీయకుండానే.
నమ్మాను.
మొగుడి మాట నమ్మడంలో ఎంత విశ్రాంతి!
మూడో రోజు అది లేవలేదు.
ఐదో రోజు పక్కది.

కబాలే నుంచి వ్యవసాయం పిల్ల వచ్చింది, నిన్సీమ,
రబ్బరు బూట్లతో, మంచులో కొండెక్కి.
గట్టు మీదే ఆగి, బూట్లు బ్లీచింగు నీళ్ళలో ముంచి
అప్పుడు అడుగుపెట్టింది చేలోకి.
మా చర్చి పాదిరి కూడా
నేలకింత మర్యాద చెయ్యడు.

కాండం కోసి
గాజు గ్లాసు నీళ్ళలో మొన తాకేలా పట్టుకుంది.
"కదపొద్దు" అంది.
గ్లాసును కాదు, మమ్మల్నే అన్నట్టు
కొయ్యబారి నిలబడ్డాం అందరం.
ఒక నిమిషం. ఇంకొకటి.
అప్పుడు దిగింది
తెల్లగా, సన్నగా,
పైకి పోవడం మరిచిపోయిన పొగలా.

దుంప కోస్తే లోపల గోధుమరంగు ఉంగరం.
నొక్కితే ఉంగరం పొడుగునా జిగురు బొట్లు.
దుంప కళ్ళకి పుసి,
పుసికి అంటుకున్న మట్టి.
ఎన్నిసార్లు చూశానో దాన్ని!
బురదేలే అని చీరగుడ్డతో తుడిచి
బుట్టలో వేశాను.

"మందు?"
"లేదు."
"ఆవుని అమ్ముతాను."
"ఆవుని ఉంచుకో అమ్మా, మందు లేదు."

పీకమంది, చుట్టూ మట్టితో సహా.
సంచిలో కట్టి, నీళ్ళు పారని చోట లోతుగా పాతెయ్యమంది.
పార కడగమంది, ప్రతిసారీ, పక్క సాలుకి పోయేముందు.
ఈ చేలో కొన్నేళ్ళు బంగాళదుంప మాటెత్తొద్దంది,
టమాటా వద్దు, వంకాయా వద్దు,
అవన్నీ ఒకే ఇంటి చుట్టాలట.
జొన్న వెయ్యి, మొక్కజొన్న వెయ్యి,
తెగులు పస్తుండాలి.

ఆపైన మామూలుగా అడిగింది,
"విత్తనం ఎక్కడిది?"

నాదే.
పోయిన పంటలో పదకొండు ఇళ్ళకి ఇచ్చాను.
కొమ్ముహంగి దుంపంటే కళ్ళు మూసుకుని కొంటారు.
కళ్ళు మూసుకునే అమ్మాను నేనూ.

పది గడపలు తొక్కాను. కొందరు తిట్టారు,
ఒకామె కూర్చోమంది, అదే ఎక్కువ బాధ.
పదకొండోది తిబెసిగ్వా ఇల్లు.
ఆయన చేను నా చేనికి కింది మెట్టు,
నా వాన నీరంతా దిగేది ఆయన మీదికే.
ఆరేళ్ళుగా గట్టు తగాదా మాకు.
పోయినేడు ఆ దుంపలు కూడా
మనవరాలి పేరు చెప్పి కొనిపించాడు.

చెప్పాను. నేల చూస్తూ విన్నాడు.
"పది రోజులైంది నాకు వాలి" అన్నాడు చివరికి.
"చెబితే, నీ పార రాత్రుళ్ళు
అడక్కుండా వాడుకున్నానని తెలిసిపోతుందని..."

ఎవరిది ఎవరికి అంటిందో
ఆ గ్లాసుని అడిగినా చెప్పదు.

మర్నాడు కాలవ తవ్వాం, పై నీరు పక్కకి మళ్ళేలా,
సరిగ్గా తగాదా గట్టు మీదే.
ఒక జానెడు నాది పోయింది, ఒక జానెడు ఆయనది.
తనది మూడు వేళ్ళు ఎక్కువే పోయిందని
ఇప్పటికీ అంటాడు.
పార మాత్రం అడిగి తీసుకెళతాడు,
కడిగి తెస్తాడు.

ఈ వానలకి జొన్న నడుమెత్తు లేచింది.
పొద్దున్నే కలుపుకి దిగితే
సాళ్ళ మధ్య, ఎవరూ పాతని దుంప మొక్క,
పిలవకుండా వచ్చిన పిల్లలా,
ఎంత నిగనిగలాడుతూ, తెల్లటి పూతతో.

వేళ్ళతో సహా పీకేశాను.
మధ్యాహ్నం దాకా ఆగి చూడలేదు.